పసరు, పూరేకులు, కాస్టిక్ సోడా: మూలికల సబ్బులో చివరికి ఏం మిగులుతుంది?

ఇంట్లో మూలికల సబ్బు చేసుకుందామని కూర్చున్నవాళ్లు చాలామంది ఒకేచోట ఆగిపోతారు. కొబ్బరి నూనె, ఆముదం, వేపాకు, కలబంద అని చదువుతున్నంతసేపు మనసుకు హాయిగానే ఉంటుంది. ఆ తర్వాతి వరుసలో కాస్టిక్ సోడా కనిపిస్తుంది. చర్మాన్ని కాల్చేసే పదార్థానికి మూలికల సబ్బులో ఏం పని? అది లేకుండా కుదరదా? వేసి చేస్తే ఆ సబ్బు ఒంటికి రుద్దుకోవచ్చా? ఇక్కడ టెన్షన్ మొదలవుతుంది. కొందరు అక్కడితో మానేస్తారు. ఇంకొందరు సోడా సంగతి పైపైన చదివేసి ఆకులు, పొడుల మీద దృష్టి పెడతారు. మానేసినవాళ్లకు పోయేదేమీ లేదు, పైపైన చదివి దిగినవాళ్లకే ప్రమాదం.

నేను మొదటిసారి ఆ రెండో దారిలోనే వెళ్లాను. లేత వేపాకు మెత్తగా నూరి, ఆ ముద్దను ధారాళంగా కలిపాను. అచ్చులో పోసిన రోజు చూడముచ్చటైన ఆకుపచ్చ. మూడో వారానికల్లా ముక్కలన్నీ గోధుమ రంగుకు తిరిగాయి. ఆకు ముద్ద గడ్డలుగా ఉండిపోయిన చోట్ల కుళ్లు వాసన కూడా వచ్చింది. మంచి ఆకు, మంచి నూనె, అంత శ్రమ అన్నీ వృథా అయ్యాయి. సబ్బు ఎలా పుడుతుందో తెలుసుకోకుండా మూలికల దగ్గర మొదలుపెట్టడమే ఆ తప్పు. సబ్బు చర్మానికి హాయిగా ఉంటుందా లేదా అన్నది ముందు నూనెల ఎంపిక, సోడా లెక్క తేలుస్తాయి. మూలిక వంతు ఆ తర్వాత వస్తుంది. అదీ సోడాను తట్టుకుని నిలబడగలిగితేనే.

సోడా ఎక్కడికి పోతుంది?

నూనె అణువును ఒక దండెంలా ఊహించుకోండి. దండెం పేరు గ్లిజరిన్. దానికి మూడు కొవ్వు ఆమ్లాలు వేలాడుతుంటాయి. కాస్టిక్ సోడా నీటిలో కరిగి నూనెతో కలిసినప్పుడు ఆ మూడింటినీ దండెం నుంచి ఊడదీస్తుంది. ఊడిన ఒక్కో కొవ్వు ఆమ్లం సోడాలోని సోడియంతో జతకడుతుంది. ఆ జతే సబ్బు. దండెం ఒంటరిగా, గ్లిజరిన్‌గా మిగిలి సబ్బులోనే ఉండిపోతుంది. ఇంటి సబ్బు వాడాక చర్మం మరీ బిగుసుకుపోకపోవడానికి ఈ గ్లిజరిన్ ఒక కారణం.

ఫ్రెంచ్ శాస్త్రవేత్త మిషెల్ యూజీన్ షెవ్రెల్ 1811లో ఒక సబ్బు ముక్కను విడగొట్టి చూడటంతో మొదలుపెట్టి, ఏళ్ల తరబడి కొవ్వుల మీదే పనిచేసి, 1823లో వాటి నిర్మాణం గురించి పుస్తకం వెలువరించాడు. అంతకు ముందు వందల ఏళ్లుగా జనం సబ్బు కాస్తూనే ఉన్నారు, లోపల ఏం జరుగుతోందో తెలియకుండానే. వాళ్లకు క్షారం బూడిద నుంచి వచ్చేది. కట్టెల బూడిద నీటిలో పొటాషియం ఎక్కువ కాబట్టి సబ్బు మెత్తగా, ముద్దలా ఉండేది. సముద్రపు ఒడ్డున పెరిగే కొన్ని మొక్కల బూడిదలో సోడియం ఎక్కువ, దానితో గట్టి సబ్బు వచ్చేది. అంటే పాతకాలపు ‘సహజమైన’ సబ్బులోనూ క్షారం ఉంది. బూడిద నీటి ఘాటు ప్రతిసారీ మారిపోయేది కాబట్టి ఆ సబ్బు చర్మాన్ని మండించే అవకాశం ఇంకా ఎక్కువ. ఈనాటి కాస్టిక్ సోడా శుద్ధంగా దొరుకుతుంది, లెక్కకు లొంగుతుంది.

కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబు: నూనె నుంచి గట్టి సబ్బు కావాలంటే సోడా తప్పదు. ‘సోడా లేని సబ్బు’ అని ఎక్కడైనా కనిపిస్తే, సోడా పని ఇంకెవరో ముందే పూర్తిచేశారని అర్థం. కుంకుడుకాయలో నురగ ఇచ్చేవి సాపోనిన్లు. దానికి సోడా అవసరం లేదు. కానీ అది సబ్బు కాదు, దాని దారి వేరు. రెండో ప్రశ్నకు జవాబు: లెక్క సరిగ్గా కుదిరితే తయారైన సబ్బులో సోడా మిగలదు. మొత్తం సబ్బుగా, గ్లిజరిన్‌గా మారిపోతుంది. సమస్యంతా ఆ ‘లెక్క సరిగ్గా కుదిరితే’ అన్న మాటలోనే ఉంది.

లెక్క

ప్రతి నూనెకూ తనదైన ఆకలి ఉంటుంది. 1000 గ్రాముల కొబ్బరి నూనె పూర్తిగా సబ్బుగా మారాలంటే సుమారు 183 గ్రాముల కాస్టిక్ సోడా కావాలి. అంతే ఆలివ్ నూనెకు సుమారు 135 గ్రాములు చాలు. ఆముదానికి ఇంకా తక్కువ, 128 గ్రాములు. కొబ్బరి నూనెలో పొట్టి కొవ్వు ఆమ్లాలు ఎక్కువ. ఒక్కోటి తేలిక కాబట్టి అదే బరువు నూనెలో వాటి సంఖ్య ఎక్కువ, సోడా కూడా ఎక్కువ కావాలి.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. కొబ్బరి నూనె 300 గ్రాములు, ఆలివ్ నూనె 600, ఆముదం 100. కొబ్బరి వాటా 54.9 గ్రాముల సోడా, ఆలివ్‌ది 81, ఆముదానిది 12.8. మొత్తం 148.7 గ్రాములు. అంతా వేసేస్తే నూనె చుక్క మిగలదు, సబ్బు చర్మాన్ని ఎండగొడుతుంది. పైగా తూకంలో కాస్త తేడా వచ్చినా సోడా మిగిలిపోతుంది. అందుకే కావాలని 5 శాతం తగ్గించి 141 గ్రాములు వేస్తారు. మిగిలే ఆ కాస్త నూనెనే సూపర్ ఫ్యాట్ అంటారు. పొరపాటు జరిగితే కాపాడేదీ, చర్మానికి మెత్తగా తగిలేదీ అదే. నీళ్లు సోడాకు రెట్టింపు, అంటే 282 గ్రాములు తీసుకుంటే కొత్తవాళ్లకు పని తేలిక.

ఇప్పుడు, కొబ్బరి నూనె ఇంట్లో లేదని ఆ 300 గ్రాములూ ఆలివ్ నూనే పోశారనుకోండి. సోడా మాత్రం అదే 141. కొత్త మిశ్రమానికి కావలసిందే 134.3 గ్రాములు. దాదాపు 7 గ్రాముల సోడా తినడానికి నూనె దొరక్క సబ్బులో అలాగే ఉండిపోతుంది. చూడటానికి ఏ తేడా తెలియదు, ఒంటికి రాసుకుంటే మంట. ‘ఏదో ఒక నూనె’ అన్న మాట సబ్బు విషయంలో చెల్లదు. నూనె మారిన ప్రతిసారీ లెక్క మొదటి నుంచి వేసుకోవాలి. కప్పులు, స్పూన్లు కూడా పనికిరావు. గ్రాముల్లో చూపించే డిజిటల్ కాటా లేకపోతే, అది కొనేదాకా ఈ పని వాయిదా వేయండి. నూనెను కూడా మిల్లీలీటర్లలో కొలవకండి, తూయండి.

నూనెల గుణాలు కూడా ఇక్కడే తేలతాయి. కొబ్బరి నూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లమే. గట్టి ముక్క, ఎగిసిపడే నురగ దాని చలవే. ఎక్కువైతే చర్మంలోని జిడ్డునంతా లాగేస్తుంది, అందుకే నేను 30 శాతం దాటను. ఆలివ్‌లోని ఓలియిక్ ఆమ్లం మృదువైన సబ్బునిస్తుంది. నురగ మాత్రం తక్కువ, తడిస్తే కాస్త జిగురుగా ఉంటుంది. ఆముదం కొంచెం పడితే నురగ నిలబడుతుంది, ఎక్కువైతే సబ్బు సాగుతుంది. పొద్దుతిరుగుడు నూనె లాంటివి త్వరగా మక్కుతాయి కాబట్టి కొద్దిగానే వాడాలి. పొడిబారే చర్మానికి ‘ఏ మూలిక మంచిది’ అని అడిగేవాళ్లకు నేను ముందు కొబ్బరి నూనె తగ్గించమని చెబుతాను. ఏ ఆకూ చూపలేనంత తేడా అది చూపిస్తుంది.

సోడాతో మెలగడం

సోడాను నీటిలో వేయాలి, సోడా మీద నీళ్లు పోయకూడదు. ఈ ఒక్క మాట గోడ మీద రాసుకున్నా తప్పులేదు. సోడా కరిగేటప్పుడు విపరీతమైన వేడి పుడుతుంది, ద్రావణం 80 డిగ్రీలు కూడా దాటుతుంది. సోడా కుప్ప మీద కాసిని నీళ్లు పడితే ఆ కాసిని నీళ్లూ ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతాయి. చల్లని నీళ్లు పాత్రలో ముందు తీసుకుని, సోడాను కొద్దికొద్దిగా వేస్తూ కలపాలి. ఘాటైన ఆవిరి వస్తుంది. కిటికీ దగ్గరో బయటో నిలబడి, మొహం పక్కకు తిప్పుకుని ఈ పని చేయాలి.

పాత్ర స్టీలుదైనా, వేడిని తట్టుకునే దళసరి పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్‌దైనా కావాలి. అల్యూమినియం పాత్ర, గరిటె దగ్గరికే రానీయకండి. సోడా దాన్ని తినేస్తుంది, పైగా మండే స్వభావమున్న హైడ్రోజన్ వాయువు పుడుతుంది. గాజు గిన్నె చాలాసార్లు బాగానే పనిచేసి, ఒకరోజు హఠాత్తుగా పగులుతుంది. మురుగు గొట్టాలు శుభ్రం చేసే పొడిని సోడా బదులు వాడకూడదు, అందులో అల్యూమినియం ముక్కలు, ఇంకేవో కలిసి ఉండొచ్చు. పొడుగు చేతుల చొక్కా, గ్లౌజులు, కళ్లను పక్కల నుంచి కూడా మూసే అద్దాలు తప్పనిసరి. అద్దాలు పెట్టుకోవడానికి బద్ధకించేవాళ్లను చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది. చేతి మీద పడితే పుండవుతుంది. కంట్లో పడితే చూపే పోవచ్చు.

చర్మం మీద పడితే వెంటనే పారే నీటి కింద కనీసం పావుగంట ఉంచాలి. వెనిగర్‌తో విరుగుడు చేయొద్దు. ఆ రెండూ కలిసినప్పుడు పుట్టే వేడి గాయాన్ని పెంచుతుంది, కడగడం ఆలస్యమవుతుంది. కంట్లో పడితే కడుగుతూనే ఆసుపత్రికి వెళ్లే ఏర్పాటు చూసుకోవాలి. ఇంకో సంగతి: చల్లారిన సోడా నీళ్లు మామూలు నీళ్లలాగే కనిపిస్తాయి. పిల్లలున్న ఇంట్లో ఆ గిన్నెను కంటికి కనిపించకుండా ఒక్క నిమిషం కూడా వదలకూడదు. తాగే గ్లాసులు, సీసాల్లో అసలే పోయకూడదు.

మిగతా పని పెద్ద కష్టం కాదు. సోడా నీళ్లు, నూనెలు రెండూ దాదాపు 40 డిగ్రీలకు వచ్చాక నూనెలో సోడా నీళ్లు పోసి, కడ్డీ బ్లెండర్‌తో ఆగి ఆగి తిప్పాలి. కాసేపటికి మిశ్రమం పల్చటి పెరుగులా చిక్కబడుతుంది. గరిటెతో పైన ఒక గీత గీస్తే అది మునిగిపోకుండా కాసేపు కనిపిస్తుంది. ఈ దశ పేరు ట్రేస్. అప్పుడు పొడులు, సువాసన తైలాలు కలిపి, సిలికాన్ అచ్చులోగాని బటర్ పేపర్ పరిచిన పెట్టెలోగాని పోయాలి. ఒకటి రెండు రోజులకు గట్టిపడుతుంది. అప్పుడు కూడా గ్లౌజులతోనే తీసి ముక్కలు కోయాలి.

మూలిక ఏ దారిలో వస్తుంది?

ఇక మూలికలు. పచ్చి సబ్బు మిశ్రమం ఒక ఘాటైన క్షారం. అందులో పడ్డ ప్రతి ఆకూ, పువ్వూ కొన్ని గంటలపాటు దాన్ని భరించాలి. కొన్ని భరిస్తాయి, కొన్ని రంగు మారతాయి, కొన్ని పూర్తిగా చెడిపోతాయి. విటమిన్ సి అక్కడ బతకదు. పసుపులోని కర్కుమిన్ కూడా క్షారంలో నిలవదు. పసుపు వేయగానే మిశ్రమం ఎర్రబారుతుంది. మొదటిసారి చూసినవాళ్లకు పాడైపోయిందేమో అనిపిస్తుంది. తర్వాత అది నారింజ, ఆపైన ఆవపిండి రంగుకు తిరిగి, వెలుతురుకు వెలిసిపోతూ ఉంటుంది. మందారపు ఎరుపు కూడా క్షారంలో ఉండదు, బూడిద గోధుమ రంగులోకి దిగిపోతుంది. గులాబీ రేకులు, లావెండర్ మొగ్గలు లోపల వేస్తే గోధుమ చుక్కలవుతాయి. ఆకుల పచ్చదనం మొదట్లో బాగానే ఉండి, గాలికీ వెలుతురుకూ వారాల్లో మాడిపోతుంది.

నిలబడేవీ ఉన్నాయి. కేలెండులా (బంతిని పోలిన పువ్వు) పూరేకులు పసుపు రంగును చాలాకాలం కాపాడుకుంటాయి. నీలిమందు నీలంగానే ఉంటుంది. జాఫ్రా గింజల్లోని నారింజ రంగు, నూనె ద్వారా చక్కగా వస్తుంది. రతన్‌జోత్ వేరు నూనెలో ఎర్రగా ఉండి, సోడా తగలగానే ఊదాకు మారుతుంది. ఆ మార్పును కళ్ల ముందు చూడటం నాకు ఇప్పటికీ సంబరమే.

మూలికను సబ్బులోకి తేవడానికి నాలుగు దారులున్నా, అన్నీ సమానం కావు. నా అనుభవంలో నూనె దారి అన్నిటికన్నా నమ్మకమైనది. పూర్తిగా ఎండిన ఆకులో రేకులో సీసాలో వేసి, మునిగేదాకా ఆలివ్ నూనె పోసి, నాలుగు నుంచి ఆరు వారాలు చీకటిలో ఉంచి వడకట్టాలి. తొందరైతే సీసాను గోరువెచ్చని నీళ్లలో నిలిపి రెండు మూడు గంటలు సన్నని వేడి మీద ఉంచొచ్చు. నూనెలో కరిగే రంగులు, మైనాలు, జిగురు పదార్థాలు దిగుతాయి. వీటిలో కొన్ని సోడాకు లొంగనివి. నూనెలో సబ్బుగా మారని భాగం అంటూ ఒకటి ఉంటుంది. షియా గింజల కొవ్వయిన షియా బటర్‌లో అది ఎక్కువ, ఆలివ్‌లో దాదాపు ఒక శాతం. ఆ గుంపులో చేరే మూలిక సారానికి చివరిదాకా మిగిలే అవకాశం ఉంది. ఆకులో తడి ఉంటే మాత్రం నూనె బూజు పడుతుంది. పచ్చి ఆకు వద్దనేది అందుకే.

రెండోది కషాయం. సోడా కరిగించే నీళ్ల బదులు చల్లార్చిన కషాయం వాడతారు. నిజం చెప్పాలంటే మూలిక ఎక్కువగా నష్టపోయే దారి ఇదే, ఎందుకంటే ఆ కషాయంలోనే సోడా వేడివేడిగా కరుగుతుంది. గోధుమ రంగు వస్తుంది, కాస్త ఘాటు వాసన వచ్చి పోతుంది, అంతకు మించి పెద్దగా ఆశించకండి. కలబంద గుజ్జు, తేనె, పాలలో చక్కెరలు ఉంటాయి కాబట్టి మిశ్రమం మరీ వేడెక్కి పొంగే ప్రమాదం ఉంది. వాటిని గడ్డకట్టించి ముక్కలుగా వాడితే వేడి అదుపులో ఉంటుంది. వాటి బరువును నీటి లెక్కలోంచి తీసేయడం మరచిపోకండి.

మూడోది పొడి. బాగా ఎండబెట్టి, మెత్తగా దంచి, సన్నని గుడ్డలో జల్లించిన పొడి ట్రేస్ దశలో కలుపుతారు. అర కిలో నూనెకు ఒక టీ స్పూను చాలు. ఎక్కువ వేస్తే సబ్బు గీరుతుంది, నీళ్లకు రంగు దిగుతుంది. పొడిని ముందు కాసింత నూనెలో కలిపి వేస్తే ఉండలు కట్టదు. నాలుగోది నేను మొదటిసారి చేసిన పచ్చి ముద్ద. దాన్ని ఎవరికీ సిఫారసు చేయను. పీచు గడ్డలుగా చేరిన చోట తడి నిలుస్తుంది, అక్కడే చెడిపోవడం మొదలవుతుంది.

ఇక్కడే ఒక నమ్మకాన్ని సరిచేయాలి. ఖరీదైన నూనెను ట్రేస్ దశలో చివరగా వేస్తే అది సబ్బుగా మారకుండా చర్మం కోసం మిగులుతుందని చాలామంది అనుకుంటారు. ట్రేస్ వచ్చేసరికి చర్య ఇంకా మొదటి మెట్ల మీదే ఉంటుంది. సోడాలో ఎక్కువ భాగం అప్పటికి ఖర్చు కాలేదు. చివర వేసిన నూనెను కూడా అది మిగతావాటితో పాటే పట్టుకుంటుంది. ఏదైనా నూనె అలాగే మిగలాలంటే ఒక్కటే మార్గం: సబ్బును సన్నని సెగ మీద పూర్తిగా ఉడికించి, సోడా అయిపోయిందని తేలాక కలపడం. ముక్కలు నున్నగా రావు, చూపుకు మొరటుగా ఉంటాయి. మూలిక నూనె మిగలడమే ముఖ్యం అనుకునేవాళ్లకు ఇది మంచి పద్ధతి.

సువాసన తైలాలు నూనె బరువులో 3 శాతం దాటకూడదు. దాల్చిన చెక్క, లవంగ తైలాలు చర్మాన్ని మండిస్తాయి, మిశ్రమాన్ని క్షణాల్లో గట్టిపరుస్తాయి కూడా. వాటిని ఇంకా చాలా తక్కువగా వాడాలి. నారింజ, నిమ్మ జాతి వాసనలు కొద్ది వారాల్లోనే ఎగిరిపోతాయి.

ఆరబెట్టడం, పీహెచ్ గొడవ

ఒకటి రెండు రోజుల్లో సోడా దాదాపు అయిపోతుంది. అయినా సబ్బును వెంటనే వాడకూడదు. గాలి ఆడే చోట, ఎండ తగలకుండా, ముక్కల మధ్య ఖాళీ వదిలి నాలుగు నుంచి ఆరు వారాలు ఆరబెట్టాలి. ఈలోపు నీళ్లు ఆవిరై, లోపలి కట్టు బిగుసుకుని, సబ్బు గట్టిపడి నురగ మెరుగవుతుంది. ఒక ముక్కను వారం వారం తూయండి. బరువు తగ్గడం దాదాపు ఆగితే ఆరినట్టే. ఆలివ్ నూనె ఎక్కువున్న సబ్బు నెలల తరబడి ఆరినకొద్దీ బాగుపడుతుంది. పైన తెల్లటి పొర కనిపిస్తే భయం వద్దు. సోడా గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి ఏర్పడిన బూడిద లాంటిది అది, కడిగితే పోతుంది. సబ్బు లోపల తెల్లటి గుళికలో, నీటి బొట్లో కనిపిస్తే మాత్రం ఆ సబ్బు వాడకండి.

పీహెచ్ అంటే ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత: 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. బాగా తయారైన సబ్బు పీహెచ్ 9, 10 మధ్య ఉంటుంది. చర్మానిది సుమారు 5. ‘మా సబ్బు పీహెచ్ 5.5’ అనే మాట నిజంగా నూనె, సోడాలతో చేసిన సబ్బుకు వర్తించదు. నిమ్మరసం పోసి తగ్గిద్దామంటే, నిమ్మలోని సిట్రిక్ ఆమ్లం సోడాను తినేస్తుంది: ఒక గ్రాము సిట్రిక్ ఆమ్లానికి 0.62 గ్రాముల సోడా. ఆ మేరకు నూనె మిగిలి ముక్క జిడ్డుగా తయారవుతుంది, పీహెచ్ మాత్రం చర్మం దగ్గరికి రాదు. ఇంకా ఆమ్లం పోస్తే సబ్బే విరిగి మళ్లీ కొవ్వు ఆమ్లంగా విడిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న చర్మం కడిగిన కొన్ని గంటల్లో తన పీహెచ్‌ను తానే సర్దుకుంటుంది. ఎగ్జిమా లాంటివి ఉన్నవాళ్లకు అది అంత తేలిక కాదు. వాళ్లు ఎంత మంచి మూలికల సబ్బునైనా డాక్టరును అడిగే వాడాలి. ఎవరైనా సరే, మొదట మోచేతి లోపలి వైపు ఒకసారి రాసి, ఒక రోజు చూడటం మంచిది. మొక్క నుంచి వచ్చినది పడకపోవడం కూడా మామూలే.

సోడాతో పని అసలే వద్దనుకుంటే సోప్ బేస్ కొని కరిగించి వాడుకోవచ్చు. అది అప్పటికే తయారైన సబ్బు. మూలికకు అందులో క్షారపు తాకిడి చాలా తక్కువ. కానీ పచ్చి ఆకు రసమో కలబంద గుజ్జో కలిపితే కొద్ది రోజుల్లోనే బూజు పడుతుంది. ఎండు పొడి, నూనె సారం మాత్రమే, అదీ కొద్దిగా వేయాలి. నూనెలు మీరు ఎంచుకున్నవి కావు కాబట్టి సబ్బు గుణం మీ చేతిలో ఉండదు. అది ఒప్పుకుంటే అందులో తప్పేమీ లేదు.

ఇంత తెలిశాక కూడా మూలికలు ఎందుకు వేయాలని అడిగితే, నా జవాబు ఇది. సబ్బు ఒంటి మీద ఉండేది నిమిషంలోపే, తర్వాత కడిగేస్తాం. అందుకని దాన్ని మందులా అమ్మడం, మందులా ఇవ్వడం నాకు నచ్చదు. రంగు, స్పర్శ, వాసన, నూనెలో దిగిన సారం వరకు మూలిక మాట నిలబెట్టుకుంటుంది. నేను ప్రస్తుతం ఒక్క రకమే చేస్తున్నాను. ఎండు కేలెండులా రేకులు ఆరు వారాలు ఊరిన ఆలివ్ నూనె, 25 శాతం కొబ్బరి నూనె, 5 శాతం ఆముదం, 5 శాతం సూపర్ ఫ్యాట్. పైన గుప్పెడు రేకులు. ప్రతి ముక్క కింద తేదీ గీస్తాను. నారింజ మచ్చలు, మక్కు వాసన ఏ నెలలో మొదలయ్యాయో దాన్ని బట్టి ఏ నూనె నిలవలేదో తెలుస్తుంది. మక్కడం ఆలస్యమవుతుందేమో చూద్దామని రోజ్‌మేరీ సారం రెండు మూడు చుక్కలు నూనెలో కలిపి చేసిన ముక్కలు, కలపకుండా చేసినవి ఇప్పుడు పక్కపక్కనే ఆరుతున్నాయి.